మూడో చరణంలో నేను

ఆ పాట మీరూ వినే ఉంటారు,
లిఫ్టులోనో, పళ్ళ డాక్టరు గదిలోనో.
రేవులో మూడో దీపం ఇంకా వెలుగుతోందా అని మొదలవుతుంది.
మూడో చరణం రెండో పాదంలో
గొంతు ఒక్క అరతాళం తొట్రుపడుతుంది చూడండి,
అది నేను.

అరవై నాలుగు, ఫిబ్రవరి. హల్ పట్నం.
తివాచీల కొట్టు మీద అద్దె స్టూడియో,
గోడలకి గుడ్ల అట్టలు, కింద నుంచి జనపనార వాసన.
మా అమ్మ ఐరిస్ రాత్రంతా కాడ్ చేపల పొట్టలు చీల్చి
నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని వచ్చింది.
ఆరో నెల. కోటు గుండీలు పట్టడం లేదు.
ఉన్నది ఒక్కటే టేపు,
అదీ ఎవరివో చర్చి ప్రార్థనలు చెరిపి వాడుతున్నది.
సరిగ్గా ఆ చోటికి రాగానే తన్నాను.
అమ్మ ఊపిరి గుటుక్కుమంది. పాట ఆగలేదు.
"మళ్ళీ పాడనా?"
"గంట అయిపోయింది" అన్నాడు పెల్హామ్, గడియారం చూసి.
ఎనిమిది పౌండ్లు చేతిలో పెట్టి సంతకం పెట్టించుకున్నాడు.
పాట ఆయనదైంది.
నేను అమ్మకి మిగిలాను.

మరుసటేడు లండన్‌లో
జుట్టు నుదుటి మీదికి దువ్వుకున్న కుర్రాడొకడు పాడాడు దాన్ని.
ఆ తొట్రుపాటు కోసం పదకొండుసార్లు ప్రయత్నించాడట.
చివరికి వెక్కులా వచ్చింది.
దేశంలోని ఆడపిల్లలంతా ఆ వెక్కు దగ్గరే కళ్ళు తుడుచుకున్నారు.
అమ్మ బట్టలారేస్తూ పక్కింటి రేడియోలో వినేది,
"వీణ్ణెవరు తన్నారో పాపం" అనేది.

హెల్సింకీలో టాంగో అయింది.
అక్కడ నేను అకార్డియన్ తిత్తిలో గాలిని:
తెరుచుకుంటుంది, స్వరం రాదు,
చలి మాత్రం వస్తుంది.
ఒసాకాలో కవల అక్కచెల్లెళ్ళు
ఒకేసారి తొట్రుపడ్డారు, ఒకేలా పెదవి మీద వేలు పెట్టుకుని.
అక్కడ నేను ఇద్దర్ని.
లాగోస్‌లో ఒక హోటల్ బ్యాండు
మూడు నిమిషాల పాటని ఇరవై నిమిషాలు లాగి
ఆ చోటుని ప్రతిసారీ డోలుకి అప్పగించింది.
డోలు పలకగానే ఆడేవాళ్ళంతా ఒక కాలు పైకెత్తుతారట.
ఆ రికార్డు తెచ్చిచ్చిన నావికుడు అడెవోలే
అట్ట వెనక పెన్సిల్‌తో రాశాడు:
ఇక్కడ అందరూ తంతారు, ఎందుకో ఎవరికీ తెలీదు.

ఒక ప్రొఫెసరుకి తెలుసు.
మునిగిన పడవ చివరి కుదుపు అది, అంటూ
తొమ్మిది పేజీలు రాశాడు.
చదివి వినిపించాను.
టీలో ముంచిన బిస్కెట్ విరిగి పడిపోయేదాకా నవ్వింది అమ్మ.
"సగం నీదేనే. నాలుగు పౌండ్లు నీకు బాకీ" అంది.
ఆ బాకీ అలాగే ఉంది.

దహనం రోజు అక్కడివాళ్ళు
పొరపాటున కుర్రాడి రికార్డు వేశారు.
పరదా మూసుకుంటోంది.
లేచి ఆపమందామనుకున్నాను.
కడుపులో ఉండి తన్నితేనే ఆగని పాట.

ఈమధ్య స్టాక్‌హోమ్‌లో ఎవరో కొత్త దరువు కట్టారు దానికి.
గొంతు అమ్మదే, ఆ పాత టేపులోదే.
కంప్యూటరు, ఎవరూ అడక్కుండానే,
నలిగిన చోటల్లా ఇస్త్రీ చేసింది.

మొన్న శుక్రవారం సూపర్‌మార్కెట్‌లో
సబ్బుపొడుల వరసలో ఉండగా వచ్చింది.
మొదటి చరణం. రెండోది.
మూడోది వస్తుంటే ట్రాలీ పట్టుకుని నిలబడ్డాను,
మోకాలికి పట్టీ కట్టుకున్న ఈ వయసులో,
హాజరు పిలుపు కోసం చూసే బడిపిల్లలా.
పాట నా మీదుగా వెళ్ళిపోయింది
నున్నగా.
పక్కనొకాయన జున్ను మీది ధర చదువుకుంటున్నాడు.

ట్రాలీ చక్రాన్ని ఒక్క తన్ను తన్నాను.
లోపల సీసాలు గలగలమన్నాయి,
అరతాళం ఆలస్యంగా.